ఖాళీ స్థలానికి గోడ

ఆ ఉదయం వసారాలో

1946 శ్రావణంలో ఒక బుధవారం పొద్దున మాచర్ల రిజిస్ట్రారు కచేరీ వసారాలో ఉన్నవాళ్ళు వీళ్ళు: దస్తావేజు లేఖరి పిచ్చయ్య గారు, ఇళ్ళు కట్టే కాంట్రాక్టరు హనుమయ్య, సున్నం బండి తోలే అంజయ్య, అతని భార్య మంగమ్మ, రైలు స్టేషనులో పోర్టరు నాగులు, సాక్షి సంతకాలకు వచ్చిన ఇద్దరు కిరాణా కొట్టువాళ్ళు, నేను. ఉన్న సరంజామా: పిచ్చయ్య గారి వాలుబల్ల, రెండు సిరాబుడ్లు, వేలిముద్రలకు నల్లరంగు పూసిన పలక, రెండు క్రయ దస్తావేజులు, నా కొలత గొలుసు, యాభై అడుగుల టేపు, నోటుబుక్కు. నా తెలివి కూడా నాతోనే ఉందనుకున్నాను. పదకొండు గంటలయ్యేసరికి లేదని తేలింది.

నేను మద్రాసులో ఓవర్సీరు చదువు చదివాను. యుద్ధకాలంలో కట్టడాలు ఆగిపోయి నా చదువుకు తగిన ఉద్యోగం దొరకలేదు. పిచ్చయ్య గారి దగ్గర చేరి ఎనిమిదేళ్ళు ఇళ్ళూ స్థలాలూ కొలిచాను, హద్దులు రాశాను, ఖరీదు కట్టాను. ఈ ఏడు మానేశాను. ముప్పై ఒకటో ఏట "వృత్తి విరమించాను" అంటే మా ఇంట్లో నవ్వుతున్నారు. ఒక పనికి మళ్ళీ వెళ్ళనని నిశ్చయించుకున్నవాడు విరమించినవాడే అని నా ఉద్దేశం. ఇప్పుడు నాపరాతి క్వారీలో కొలతలు చూస్తున్నాను. రాయి తన ఖరీదు తగ్గించి చెప్పమని అడగదు. సుఖంగా ఉన్నాను.

పిచ్చయ్య గారి దగ్గర నా చోట ఇద్దరు కొత్తగా చేరారు. పని ఎలా ఉంటుందని అడిగారు. గొలుసు పట్టడం ఎవరైనా నేర్పుతారు కనుక అది వదిలేసి, మిగతాది రాస్తున్నాను.

మూడు ప్రశ్నలు

ఈ పనిలో జవాబు చెప్పాల్సిన ప్రశ్నలు మూడు. స్థలం ఎంత? చుట్టూ ఎవరున్నారు? ఖరీదు ఎంత? మొదటిదానికి గంట పడుతుంది. రెండోదానికి అరగంట, పక్కింటివాళ్ళు పోట్లాటలో ఉంటే ఒక పూట. మూడోదానికి రెండు వారాలు కూడా చాలవు. ఎందుకంటే స్టాంపు సుంకం, దాని మీద స్థానిక బోర్డు వాటా, రిజిస్ట్రేషను ఫీజు, అన్నీ ఖరీదును బట్టే ఉంటాయి. కాగితం మీద ఖరీదు తగ్గితే ఖర్చు తగ్గుతుంది.

మేము కొలతకు వెళ్ళిన మొదటి పావుగంటలో ఇంటివారు దూలాలు చూపిస్తారు, బావి చూపిస్తారు, గుమ్మం చెక్కడం చూపిస్తారు. స్టాంపు మాట వచ్చాక గోడలో పగుళ్ళు చూపిస్తారు. ఒక సుబ్బయ్య అయితే కర్రతో గోడను పొడిచి మట్టి రాల్చాడు.

"నిరుడు పెళ్ళిచూపులకి వచ్చినోళ్ళతో ఈ ఇల్లు కోటలాగుందన్నావుగా సుబ్బయ్యా" అన్నారు పిచ్చయ్య గారు.

"అది పెళ్ళోళ్ళకండీ. సర్కారుకి ఇది కూలే కొంప."

పిచ్చయ్య గారి గురించి ఒక మాట. నాకు పైవాడిగా పనిచేసినవాళ్ళలో ఆయన అందరికంటే చురుకైనవాడు. తన కలంతో అబద్ధం రాయడు. అబద్ధం వచ్చి కూర్చోవడానికి చోటు వదిలి రాస్తాడు. "పాత ఇల్లు" అంటాడు కాని ఎంత పాతదో చెప్పడు. ఆ నేర్పు నాకు రాలేదు. రానందుకు విచారం లేదు. అయితే అది రాని నేను ఆయన పక్కన కూర్చుని పని చేయడం వల్ల ఏం జరిగిందో చెప్పాలి.

హనుమయ్య ఆలోచన

హనుమయ్య స్టేషను రోడ్డు పక్కన ఒక మెట్ట చెలక కొన్నాడు. కొన్నప్పుడు ఒకసారి స్టాంపు కట్టాడు. అందులో పన్నెండు ఇళ్ళు, ఒక్కొక్కటి మూడంకణాలది, కట్టి అమ్మాలని అతని ఆశ. మా వైపు ఇల్లు అంకణాలతో లెక్క. దూలానికీ దూలానికీ నడుమ భాగం ఒక అంకణం. సిమెంటు, ఇనుము కంట్రోలులో ఉన్నాయి. రాయి మాత్రం మాచర్లలో కాలు పెట్టిన చోటల్లా ఉంది. కూలీలున్నారు. యుద్ధం అయిపోయి మనుషులు తిరిగొచ్చారు కనుక ఇల్లు కావాలనేవాళ్ళు రోజూ కనిపిస్తున్నారు.

ఇల్లు పూర్తిచేసి అమ్మితే కొనేవాడు ఇంటి ఖరీదంతటి మీదా స్టాంపు కట్టాలి. బండి తోలేవాళ్ళకూ పోర్టర్లకూ అది భారం. అందుకని హనుమయ్య ముందు ఖాళీ స్థలం అమ్ముతాడు. దాని మీద స్టాంపు తక్కువ. తర్వాత కొన్నవాళ్ళ స్థలంలో కూలికి ఇల్లు కట్టిపెడతాడు. ఇందులో తప్పేమీ లేదు, ఒక్క షరతు మీద: దస్తావేజు రాసేనాటికి స్థలం నిజంగా ఖాళీగా ఉండాలి.

మొదట డబ్బు జమచేసింది మంగమ్మ. మొగుడూ పెళ్ళాం, అత్త, ముగ్గురు పిల్లలు, ఆరుగురూ ఒక వేరుశనగ వర్తకుడి గోదాము పక్క గదిలో అద్దెకుంటున్నారు. దసరాకు కొత్త కాయ వస్తుంది, ఆలోపు గది ఖాళీ చేయమని వర్తకుడు చెప్పేశాడు. ఊళ్ళో వేరే గది లేదు. ఉన్నవాటి అద్దె అంజయ్య బండి కిరాయికి అందదు. దసరాకు స్టేషను రోడ్డు ఇంటికి కప్పు పడకపోతే ఆరుగురూ బండి కింద ఉండాలి.

నేను జ్యేష్ఠంలో ఆమె స్థలం కొలిచి, ఖాళీ స్థలమని రాసుకున్నాను. అప్పుడు అది ఖాళీయే. తర్వాత ఆ మొత్తానికి సరిపడే స్టాంపు కాగితం స్టాంపులమ్మే వెండారు దగ్గర ఆరు వారాలు దొరకలేదు. మేస్త్రీలు ఊరికే కూర్చున్నారని హనుమయ్య పునాది తవ్వించాడు, తర్వాత గోడ లేపించాడు. కాగితం వచ్చేసరికి గోడలు గుమ్మం ఎత్తుకు చేరాయి. పిచ్చయ్య గారు నా జ్యేష్ఠం నోటు చూసి దస్తావేజు రాశారు. గోడ లేచిన సంగతి నాకు తెలియదని ఇక్కడ రాయను. తెలుసు. నా నోటు రాసిన రోజున అది నిజమే కదా అని సరిపెట్టుకున్నాను.

అదే వారం పక్క స్థలం పోర్టరు నాగులు కొన్నాడు. దానికి హద్దులు రాయడానికి నేను కొత్తగా వెళ్ళాను. కంటికి కనిపించింది, టేపుకు అందింది, అంతా రాశాను.

పద్దెనిమిది అంగుళాలు

మా సబ్ రిజిస్ట్రారు గారు గోదావరి వైపు మనిషి. మెల్లగా, ప్రతి మాటా చదువుతారు. ఆ బుధవారం మంగమ్మ దస్తావేజు చదివి పక్కన పెట్టారు. నాగులుది తీసి చదివారు. మళ్ళీ మంగమ్మది తీశారు.

"ఈ హద్దులు ఎవరు రాశారండీ?"

"నేనేనండీ."

"చాలా శ్రద్ధగా రాశారు. నాగులు గారి స్థలానికి 'తూర్పు: అంజయ్య భార్య మంగమ్మ ఇంటి రాతి గోడ, గుమ్మం ఎత్తు, పద్దెనిమిది అంగుళాల మందం.' బాగుందండీ. ఇటు మంగమ్మ గారి దస్తావేజులో ఆవిడది ఖాళీ స్థలం. ఖాళీ స్థలానికి పద్దెనిమిది అంగుళాల గోడ ఎలా వచ్చిందంటారు?"

వసారాలో హనుమయ్య దగ్గాడు. పిచ్చయ్య గారు సిరాబుడ్డి మూత బిగించారు.

సబ్ రిజిస్ట్రారు గారు కోప్పడలేదు. ఆ దస్తావేజు తాను పట్టి ఉంచుకుని పై అధికారికి పంపితే తగ్గిన స్టాంపుకు పది రెట్ల దాకా జరిమానా పడవచ్చనీ, తేలడానికి నెలలు పడుతుందనీ చెప్పారు. ఇంకా నంబరు పడలేదు కనుక వెనక్కి ఇస్తున్నానన్నారు. నాగులుది కూడా దాంతోపాటే ఆపారు.

"సోమవారం నేనే స్టేషను రోడ్డుకి వచ్చి చూస్తానండీ. అక్కడ ఏముందో కాగితంలో అదే ఉండాలి. కాగితంలో ఏముందో అక్కడ అదే ఉండాలి."

బయటికి వచ్చాక పిచ్చయ్య గారు నా వంక చూశారు.

"గోడుందని నిన్నెవురు అడిగారోయ్ ఓవర్సీరూ?"

"ఉంది కదండీ."

"ఉంటే? 'తూర్పు: మంగమ్మ స్థలం' అంటే సరిపోయేది. పైగా మందం కూడా కొలిచావు!"

ఇది నా వృత్తిలో నేను చేసిన తప్పులన్నిటిలోకి పెద్దది. కొత్తగా చేరినవాళ్ళు గమనించాలి: తప్పు మందం కొలవడంలో లేదు. ఒక కాగితంలో నిజం వదిలేసి రెండో కాగితంలో పూర్తిగా రాయడంలో ఉంది.

గోడ మీద మంగమ్మ

సబ్ రిజిస్ట్రారు గారి మాటలో సగమే హనుమయ్య చెవిన పడింది. కాగితంలో ఏముందో నేల మీద అదే ఉండాలన్నది. గురువారం పొద్దున పదిమంది కూలీలను గడ్డపారలతో స్టేషను రోడ్డుకు పంపాడు. మట్టిలో పేర్చిన రాయే కనుక విప్పడం తేలిక. సోమవారానికి స్థలం ఖాళీ అవుతుంది, దస్తావేజు నిజమవుతుంది, రిజిస్టరు అయ్యాక మళ్ళీ కట్టుకోవచ్చు. విప్పే కూలీ, కట్టే కూలీ కలిపితే కట్టాల్సిన స్టాంపును మించుతుందని నేను లెక్క వేసి చూపించాను.

"మించితే మించనీవయ్యా" అన్నాడు. "సర్కారుకి పోయేదాని కన్నా కూలోళ్ళకి పోతే నాకు నిద్ర పడద్ది."

ఎనిమిదేళ్ళలో ఈ మాట నేను రకరకాల మనుషుల దగ్గర విన్నాను. పన్ను తప్పించుకోవడానికి పన్నును మించి ఖర్చుపెట్టేవాళ్ళు మా వైపు చానామంది.

నేను స్టేషను రోడ్డు చేరేసరికి పడమటి గోడ మీద మంగమ్మ కూర్చుని ఉంది. కాళ్ళు రెండూ లోపలి వైపు వేలాడేసి, కొంగు నడుముకు బిగించి. కూలీలు గడ్డపారలు నేలకు ఆనించి బీడీలు కాల్చుకుంటున్నారు.

"దిగమ్మా మంగమ్మా" అంటున్నాడు హనుమయ్య. "నాలుగు రోజులు ఇప్పి మళ్ళీ కట్టిస్తానంటున్నాగా."

"నాలుగు రోజులంట! ఇది లేపటానికి నెలన్నర పట్టింది హనుమయ్య మామా. ఇప్పటానికి ఒక పూట చాలు, నాకు తెలవదా? దసరాకి నా పిల్లకాయల్ని యాడ పడుకోబెట్టేది, నీ వసారాలోనా?"

"ఏమే, దిగవే, జనం చూస్తన్నారు" అన్నాడు అంజయ్య.

"చూడనీ. జనానికి ఇల్లుందిగా."

అప్పుడు ఆమెకు నేను కనిపించాను.

"ఇదిగో, గోడ మందం రాసిన బాబు వచ్చాడు. ఏంది బాబూ, ఇంకా కొలిచేది మిగిలిందా?"

కూలీలు నవ్వారు. మిగిలిందనే చెప్పాను. సబ్ రిజిస్ట్రారు గారు చెప్పినదాంట్లో రెండో సగం ఉంది, నేల మీద ఏముందో కాగితంలో అదే రాయవచ్చు, దానికి స్టాంపు కొంత పెరుగుతుంది అన్నాను.

"ఒరేయ్ ఓవర్సీరూ, ఇంటికంతటికీ స్టాంపంటే ఆ మనిషి యాడ తెస్తదిరా?" అని హనుమయ్య అరిచాడు.

"ఇంటికంతటికీ కాదు, ఇక్కడున్నదానికి" అన్నాను. ఆ పొద్దున నా చదువు నాకు పనికొచ్చింది. అక్కడ ఉన్నది ఇల్లు కాదు. కప్పు లేదు, దూలాలు లేవు, తలుపులు లేవు, సున్నం లేదు. గుమ్మం ఎత్తుకు రాయీ మట్టీ ఉన్నాయి. పునాదితో సహా గోడల పొడవు, ఎత్తు, మందం మళ్ళీ కొలిచి, రాయికి రాయి ధర, మట్టికి మట్టి ధర, మేస్త్రీ కూలీ వేసి, ఉన్నదానికి ఎంతో అంతే కట్టాను. కాణీ తగ్గించలేదు, కాణీ పెంచలేదు. పెరిగిన స్టాంపు, చెడిపోయిన పాత కాగితం బదులు కొత్తది, రాత కూలీ, అన్నీ కలిపి హనుమయ్య భయపడినదానిలో మూడో వంతుకు లోపే తేలింది.

తప్పు నాది కనుక కొత్త కాగితం ఖర్చు నేను పెట్టుకుంటానన్నాను. "పెట్టుకో బాబూ" అంది మంగమ్మ, ఏమాత్రం మొహమాటపడకుండా. "మిగతాది ఎంత?"

"ఇరవై నాలుగు రూపాయలు."

ఆమె గోడ మీద నుంచే మూడంకణాల వంకా చూసింది. "ఇంట్లో ఇరవై నాలుగు రూపాయలయ్యేది ఏముంది?"

ఇలాంటి ప్రశ్న నన్ను ఎవరూ అంతకు ముందు అడగలేదు. నోటుబుక్కు తిరగేశాను. "మూడో అంకణం కప్పు. దూలాలు, పైన పరిచే నాపరాళ్ళు, కూలీ కలిపి దాదాపు అంతే."

"అయితే మూడో అంకణానికి కప్పొద్దు. గోడలుంటే చాలు. మిగతా రెండిటికీ ఏసెయ్యండి మామా."

"వానొస్తే?" అన్నాడు అంజయ్య.

"వానొస్తే దాంట్లో కాగులు పెడతా. నీళ్ళు మొయ్యటం తప్పుద్ది. నువ్వు నన్ను దించు ముందు."

కొత్త సరుకు వచ్చి ఉండటంతో ఈసారి స్టాంపు కాగితం వెంటనే దొరికింది. సోమవారం సబ్ రిజిస్ట్రారు గారు గొడుగు వేసుకుని నడిచి వచ్చారు. కొత్త దస్తావేజులో నేను చెప్పగా పిచ్చయ్య గారు రాసిన మాటలు ఇవి: "స్థలమును, అందులో గుమ్మం ఎత్తు వరకు లేచిన పద్దెనిమిది అంగుళాల రాతి గోడలును, కప్పు, తలుపులు లేవు." ఆయన తన చేతికర్రను గోడ మీద అడ్డంగా పెట్టి చూసుకున్నారు.

"మందం సరిగానే కొలిచారండీ" అని, కచేరీకి వెళ్ళి నంబరు వేశారు. నాగులు దస్తావేజుకు అక్షరం మార్చే పని పడలేదు.

దసరాకు రెండు రోజుల ముందు ఆరుగురూ రెండంకణాల్లోకి మారారు.

పన్ను గురించి నా మాట

ఆస్తి చేతులు మారేటప్పుడు వేసే సుంకం దుర్మార్గమైనదని నేను అనను. స్టేషను రోడ్డుకు కంకర ఎవరో పోయాలి, మురుగు కాలవ ఎవరో తవ్వాలి, బడి పంతులికి జీతం ఎవరో ఇవ్వాలి. దస్తావేజుకు సర్కారు ముద్ర ఉండబట్టే నిన్న కొన్నది ఈ రోజు కూడా మనదే అవుతున్నది. అందుకు కొంత కట్టమంటే న్యాయమే.

నా ఫిర్యాదు అది పడే చోటు గురించి. స్థలం కొని ముళ్ళకంచె వేసి పదేళ్ళు ఊరికే ఉంచినవాడికి ఆ సుంకం తగలదు. దాన్ని అమ్మినా, కొన్నా, ఇల్లు కట్టి మరొకరికి ఇచ్చినా తగులుతుంది. కదిలినవాడికి దెబ్బ, కదలనివాడికి సెలవు.

దీని ఫలితం కాగితాల్లో కనిపించదు, నడిస్తే కనిపిస్తుంది. మా ఎరికలో ఒక బడి పంతులు గారికి గురజాల నుంచి మాచర్లకు బదిలీ అయింది. గురజాలలో సొంత ఇల్లుంది. అది అమ్మి ఇక్కడ కొందామని లెక్క వేయించుకోవడానికి నా దగ్గరికి వచ్చారు. అక్కడ కొనేవాడు స్టాంపు పేరు చెప్పి ధర తగ్గిస్తాడు, ఇక్కడ కొంటే స్టాంపు తామే కట్టాలి. రెండూ కలిపి చూసుకుని, "అయ్యా, తాళం వేయడం చవక" అని వెళ్ళిపోయారు. ఆ ఇల్లు గురజాలలో తాళంతో ఉంది. ఆయన మాచర్లలో అద్దెకున్నారు. ఆయన అద్దెకు దిగిన గది మరొకరికి దొరకలేదు. తాళం ఒక ఊళ్ళో పడితే ఇరుకు రెండో ఊళ్ళో వచ్చింది.

హనుమయ్య సంగతి కూడా అంతే. అతను పన్నెండు అనుకుని ఐదు ఇళ్ళ దగ్గర ఆగాడు. మిగతా స్థలంలో రాళ్ళు దించుకుంటున్నాడు. ఎందుకు ఆపావని అడిగాను.

"ఇల్లు కట్టి అమ్మితే ఒకటే సంత. కాగితం, సాక్షులు, స్టాంపు, పైన నీ టేపు. అదే డబ్బు మిరప చేలోళ్ళకి వడ్డీకి తిప్పితే సంతకం కూడా అక్కర్లా. నువ్వైతే ఏం చేస్తావో చెప్పవోయ్."

అతను పిసినారి అనీ, చట్టమంటే లెక్కలేనివాడనీ పిచ్చయ్య గారు అంటారు. రెండూ కొంత నిజమే. అయినా ఇల్లు కట్టగలిగిన మనిషి కట్టకుండా కూర్చోవడమే తెలివైన పని అయ్యే పద్ధతిలో ఏదో లోపం ఉంది. నన్నడిగితే సుంకం తగ్గించి, ఏటా ఇంటికీ ఖాళీ స్థలానికీ కొద్దికొద్దిగా వేయమంటాను. ముళ్ళకంచెవాడికి కూడా అప్పుడు స్థలం గుర్తుకొస్తుంది. నన్నెవరూ అడగలేదు.

కొత్తవాళ్ళకు చెప్పదగ్గవి ఇంకా ఉన్నాయి. కొలతకు వెళ్ళే ముందు ఇంటావిడతో మాట్లాడండి, ఇల్లు ఎందుకు కావాలో మగవాళ్ళ కంటే ఆమెకు స్పష్టంగా తెలుసు. నెల దాటిన నోటును నమ్మకండి, మళ్ళీ వెళ్ళి చూడండి. కట్టాల్సింది ఎంతో ఉన్నది ఉన్నట్టు లెక్క వేసి చెప్పండి. మనుషులు సుంకానికి భయపడేది అది ఎంతో తెలియక. తెలిశాక సగం మంది కడతారు. మిగతా సగం గోడలు విప్పుతారు, వాళ్ళను మీరు ఆపలేరు.

ఈ వేసవి

మొన్న వైశాఖంలో మంగమ్మ మా క్వారీకి వచ్చింది. అంజయ్య బండి కట్టుకొచ్చాడు. మూడో అంకణానికి కప్పు వేస్తున్నామంది. పెద్దపిల్ల అక్కడే చదువుకుంటుందట, వానలొస్తే పుస్తకాలు తడుస్తాయట.

"దీనికి కూడా స్టాంపుందా బాబూ?"

"లేదు. సొంత ఇంటికి కప్పు వేసుకుంటే లేదు."

"అమ్మయ్య. మంచి రాళ్ళు చూసి ఇయ్యి మరి. మందం కొలిచే ఇయ్యి."

కొలిచే ఇచ్చాను. రెండు అంగుళాలకు తగ్గినవి పక్కన పెట్టించాను. ఆదివారం నేను కూడా స్టేషను రోడ్డుకు వెళ్ళి, దూలాల మీద రాళ్ళు పరిచేదాకా ఉన్నాను. ఆ అంకణానికి పట్టిన రాళ్ళు పద్నాలుగు.